కిరాణా కొట్లో 3 ఇంచుల థర్మల్ ప్రింటర్: ఏళ్ల తరబడి వాడాక

మా కొట్లో బిల్లులన్నీ 80 మి.మీ. థర్మల్ ప్రింటర్‌ మీదే కొడతాం. యూఎస్‌బీ, లాన్ (నెట్‌వర్క్ వైరు) రెండూ ఉన్న రకం, కాగితాన్ని తనే కోసేస్తుంది. ఇన్నేళ్లు వాడాక ఒక్కటి గట్టిగా చెప్పగలను: ఈ మెషిన్ ఎన్నాళ్లు మన్నుతుందన్నది దాని ధర కన్నా మనం వేసే రోలు మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

ఇందులో ఇంకు ఉండదు. హెడ్ (కాగితానికి ఆనుకుని అక్షరాలు వేసే భాగం) మీద మిల్లీమీటరుకు 8 చొప్పున సన్నటి చుక్కలు వేడెక్కుతాయి, ఆ వేడికి కాగితం మీది పూత నల్లబడుతుంది. అంటే కాగితం పొద్దస్తమానం హెడ్‌ను ఒరుసుకుంటూనే పోతుంది. చాలా కంపెనీలు హెడ్ ఆయుష్షు 100 కిలోమీటర్ల కాగితం అని రాస్తాయి. బిల్లు 20 సెంటీమీటర్లు, రోజుకు 200 బిల్లులు అనుకుంటే రోజుకు 40 మీటర్లు, అంటే ఆరేడేళ్లు రావాలి. పూత గరుకుగా ఉండి పొడి రాల్చే చవక రోలు వేస్తే అంతకాలం రాదు. పైగా వాటి మీద 50 మీటర్లని రాసి ఉన్నా, లోపలి గొట్టం లావుగా పెట్టి కాగితం తగ్గించేస్తున్నారు. రోలు కొనేటప్పుడు గొట్టం చూడండి, గోటితో గీసి చూడండి. నల్లగీత స్పష్టంగా పడిన వైపే పూత. ఆ వైపు హెడ్‌కు తగిలేలా వేయాలి, తిరగేసి వేస్తే బిల్లు తెల్లగా వస్తుంది.

కిరాణా కొట్టుకు ఇంకో శత్రువు దుమ్ము. కారం, పిండి, పసుపు తూకం వేసే చోటికి ప్రింటర్ ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. మేం తూకం బల్లకు అవతలి వైపు పెట్టాం, రాత్రి కొట్టు కట్టేటప్పుడు గుడ్డ కప్పుతాం. బిల్లు మీద నిలువునా తెల్లగీత కనిపిస్తే హెడ్ పోయిందని కంగారు పడకండి, ముందు తుడవండి. స్విచ్ ఆపి, హెడ్ చల్లారాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో ఒక కొస నుంచి రెండో కొసకు మెల్లగా రుద్దాలి. కింద తిరిగే రబ్బరు రోలర్‌నూ తుడవాలి. పూర్తిగా ఆరాకే మూత వేయాలి. పిన్ను, బ్లేడు లాంటివి హెడ్ దగ్గరికి తీసుకెళ్లొద్దు. రోలు మార్చినప్పుడల్లా ఈ పని చేస్తే తెల్లగీతలు చాలావరకు రావు. తుడిచినా గీత అదే చోట ఉంటే అప్పుడు హెడ్ సంగతి చూడాలి.

తెలుగులో బిల్లు గురించి కాస్త వివరంగా చెప్పాలి. మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లకు ఇంగ్లీషు బిల్లు ఇస్తే చివరి మొత్తం తప్ప ఏమీ చదవలేరు. కందిపప్పు ఎంత, నూనె ఎంత అని వాళ్లే చూసుకోగలగాలి, డబ్బు వాళ్లది. ఇలాంటి ప్రింటర్లలో సాధారణంగా తెలుగు అక్షరాలు ఉండవు, నేరుగా పంపితే ప్రశ్నార్థకాలో పిచ్చి గుర్తులో పడతాయి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెలుగును బొమ్మగా మార్చి పంపాలి, కొనేముందే అమ్మేవాళ్ల చేత తెలుగులో ఒక బిల్లు కొట్టించి చూడండి. అక్షరం మరీ చిన్నదైతే ఒత్తులు, గుణింతాలు కలిసిపోతాయి. అందుకే 2 ఇంచుల ప్రింటర్ వద్దంటాను: అందులో అడ్డంగా 384 చుక్కలే, 3 ఇంచుల దాంట్లో 576. సరుకు పేరు, తూకం, ధర ఒకే వరుసలో పట్టాలంటే ఆ తేడా చాలా ముఖ్యం. టీ కొట్టుకో, పార్కింగ్ చీటీలకో 2 ఇంచులు సరిపోతుంది.

బిగించడం కష్టమేం కాదు. ఫీడ్ బటన్ నొక్కి పట్టుకుని స్విచ్ వేస్తే చాలా మోడళ్లలో టెస్ట్ కాగితం వస్తుంది, అది వస్తే మెషిన్ బాగున్నట్టే. ఆ తర్వాత కంప్యూటర్‌లో ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్‌లో కాగితం సైజు 80 మి.మీ. పెట్టాలి. ఏ4 ఉండిపోతే అక్షరాలు చీమల్లా పడతాయి. యూఎస్‌బీ వైరు వేరే పోర్టులో పెడితే విండోస్ దాన్ని కొత్త ప్రింటర్ అనుకోవచ్చు, అప్పుడు బిల్లులు పాత పేరు మీద క్యూలో ఆగిపోతాయి. ఏ పోర్టులో పెట్టారో అందులోనే ఉంచండి. లాన్‌లో వాడితే ప్రింటర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) మారకుండా ఫిక్స్ చేయాలి. అడాప్టర్ మాది 24 వోల్టులది. అది పాడైతే పిన్ను పట్టింది కదా అని వేరే వోల్టేజీది పెట్టకూడదు.

ఈ కాగితానికి తీరని లోపం, అక్షరం వెలిసిపోవడం. ఎండ, నూనె చేతులు, ప్లాస్టిక్ కవరు, శానిటైజర్, ఏది తగిలినా రాత పాడవుతుంది. కారులో ఎండకు వదిలేస్తే బిల్లు మొత్తం నల్లబడుతుంది కూడా. ఖాతాదారుకు దీంతో పెద్ద ఇబ్బంది లేదు కానీ, మనం హోల్‌సేల్‌లో తెచ్చుకునే కొనుగోలు బిల్లులూ ఇదే కాగితం మీద వస్తున్నాయి. జీఎస్‌టీ లెక్కల కాగితాలు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలి, థర్మల్ బిల్లు అంతకాలం ఉంటుందన్న భరోసా లేదు. సరుకు దిగిన రోజే ఫోన్‌తో ఫొటో తీసి, జిరాక్స్ తీసి ఫైల్లో పెట్టేయండి.