సన్న స్కోపు బొమ్మలో తేనెపట్టు పోయింది, కానీ...

లాలాజల గ్రంథి నాళాల్లోకి పంపే సన్న ఫైబర్ స్కోపుతో ఏళ్లుగా పనిచేస్తున్నాను. దాని మీద నాకు మొదటి నుంచీ ఒకటే కంప్లెయింట్: తెర మీద తేనెపట్టు. స్కోపు లోపల ఉండేది వేల సన్న గాజు పోగుల (ఫైబర్ల) కట్ట. ఒక్కో ఫైబర్ ఒక్క చుక్క వెలుగే తెస్తుంది, చుక్కల మధ్య సందులు నల్లగా కనిపిస్తాయి. వాటి మీద కెమెరా సెన్సర్ గళ్లు పడి చారలు తేలతాయి. ఇదివరకు ఫోకస్ రింగ్ కాస్త తిప్పి మసక చేసుకునేవాళ్లం. చారలతో పాటు నాళంలో పేరుకున్న రాయి అంచు కూడా పోయేది.

కెమెరా బొమ్మని సరిచేసి తెరకి పంపే కొత్త ప్రాసెసర్‌లోని ఫిల్టర్ ఈ బాధ తీర్చింది. నాళం రెండుగా చీలే చోటు ఇంత నున్నగా ఎన్నడూ చూడలేదు. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

తర్వాత ఒక కేసులో, తెర కుడివైపు బూడిదరంగు మరక. గోడకి జిగురు అంటుకుందేమో అనిపించేలా ఉంది. సెలైన్‌తో కడిగితే పోలేదు. స్కోపు తిప్పితే నాళం తిరిగింది, మరక మాత్రం తెర మీద ఉన్నచోటే ఉంది. ఫిల్టర్ ఆపగానే అసలు సంగతి బయటపడింది: పక్కపక్కనే కొన్ని నల్ల చుక్కలు, అన్నీ తెగిన ఫైబర్లే. ఒక్కటే తెగితే చుట్టుపక్కల వెలుగుతో ఫిల్టర్ దాన్ని పూడ్చేస్తుంది. గుంపుగా తెగితే ఇదిగో, ఇలా మరక చేసి చూపిస్తుంది. రోగం లేని చోట రోగంలా కనిపించడం చిన్న విషయం కాదు. అప్పటి నుంచి ప్రతి కేసు ముందు ఫిల్టర్ ఆపి, తెల్లటి గాజ్ పీస్ చూపించి, ఒక ఫొటో తీసి పెట్టుకుంటున్నాం. స్కోపు కడిగేటప్పుడు బిగుతుగా చుట్టొద్దని స్టాఫ్‌కి గట్టిగా చెప్పాం కూడా.

వివరం పెరిగిందా అంటే, అంతగా లేదు. 6,000 ఫైబర్ల స్కోపు ఇచ్చేది 6,000 చుక్కలే, ఎంత పెద్ద మానిటర్ పెట్టినా అంతే. పెరిగింది కంటికి హాయి, గంటసేపు చూసేవాళ్లకి అదీ అవసరమే. వివరం కావాలంటే స్కోపు కొసని కొద్దికొద్దిగా కదుపుతూ చూడాలి. ఒక ఫ్రేమ్‌లో సందులో పడింది తర్వాతి ఫ్రేమ్‌లో ఫైబర్ కిందకి వస్తుంది. ఆ ఫ్రేమ్‌లను కలిపి బొమ్మ కట్టే పద్ధతులున్నాయి, నా ప్రాసెసర్‌లో లేదు.

నేను ఎక్కువగా చూసేది రాళ్లు, ఇరుకులు. ఆ పనికి ఇది చాలు. సన్నటి రక్తనాళాల తీరు చూసి నిర్ణయం తీసుకునేవాళ్లని మాత్రం ఫిల్టర్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచుకోమనలేను. కొంచెం లావు స్కోపు పట్టే చోటైతే కొసలోనే కెమెరా చిప్ ఉన్నది చూసుకోండి, తేనెపట్టు గొడవే ఉండదు. ఏది తీసుకున్నా ఫిల్టర్ ఆపే బటన్ కెమెరా హెడ్ మీదే ఉందో లేదో అడగండి. నా దాంట్లో అది మెనూల లోపల ఉంది, చేతికి స్టెరైల్ గ్లవ్స్ ఉన్నప్పుడు ప్రతిసారీ ఎవరినో పిలవాల్సి వస్తోంది.