మలపరీక్ష చాలా, కొలనోస్కోపీ తప్పదా? పేగు వాపు తేల్చడానికి ఏది మేలు?

నెలల తరబడి విరేచనాలు, కడుపునొప్పి. డాక్టరు "పేగుల్లో వాపు ఉందేమో చూద్దాం" అనగానే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న: మలద్వారం గుండా కెమెరా గొట్టం (కొలనోస్కోపీ) వేయించుకోక తప్పదా, మలపరీక్షతో సరిపోదా? మా తమ్ముడి విషయంలో మేమూ ఇదే అడిగాం.

ఆ మలపరీక్ష పేరు ఫీకల్ కాల్‌ప్రొటెక్టిన్. పేగుగోడ వాచినప్పుడు అక్కడికి చేరే తెల్ల రక్తకణాలు వదిలే ప్రొటీన్ ఇది. గ్రాము మలంలో 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే సాధారణంగా వాపు లేదనుకుని ఐబీఎస్ (వాపు లేకుండానే పేగు పనితీరు గాడితప్పే సమస్య) వైపు ఆలోచిస్తారు. 250 దాటితే వాపు ఉందని గట్టిగా అనుమానిస్తారు. మధ్యలో ఉంటే కొన్ని వారాలాగి మళ్ళీ చేయిస్తారు. నొప్పి లేదు, పస్తు లేదు. కానీ వాపు ఎందువల్ల వచ్చిందో ఇది చెప్పలేదు. అమీబియాసిస్ ఉన్నా అంకె పెరుగుతుంది, ఒళ్ళునొప్పులకు డైక్లోఫెనాక్ వేసుకుంటున్నా పెరుగుతుంది. ఆ మాత్రల సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

కొలనోస్కోపీలో అసలు కష్టం పేగు శుభ్రం కావడానికి తాగే మందుతోనే. స్కోపీ చాలామందికి మత్తులోనే అయిపోతుంది. ఏళ్ళ తరబడి ఉండే పేగువాపు జబ్బులు ముఖ్యంగా రెండు: అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్. అల్సరేటివ్ కొలైటిస్ సాధారణంగా మలద్వారం దగ్గర మొదలై, మధ్యలో ఖాళీ లేకుండా పైకి పాకుతుంది. క్రోన్స్ అక్కడక్కడా మచ్చలుగా ఉంటుంది, చిన్నపేగు చివర ఎక్కువగా కనబడుతుంది. అందుకే చిన్నపేగు చివరిదాకా చూడాలి, బాగున్నట్టు కనిపించే చోట్ల నుంచి కూడా ముక్కలు తీసి బయాప్సీకి పంపాలి. మా తమ్ముడికి మొదటిసారి ముక్కలే తీయలేదు. ఆ బాధంతా రెండోసారి పడ్డాడు. ఈ రెండు విషయాలు ముందే అడగమని అందరికీ చెబుతున్నాను.

మన దగ్గర ఇంకో చిక్కుంది, పేగు టీబీ. అదీ క్రోన్స్‌లాగే చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట పుండ్లు పెడుతుంది. బయాప్సీలో కూడా రెండూ ఒకేలా కనిపించవచ్చు. టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్ష పాజిటివ్ వస్తే టీబీ అని తేలుతుంది, నెగెటివ్ వచ్చినంత మాత్రాన టీబీ లేదనలేం. క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు మొదలుపెడితే లోపలున్న టీబీ విజృంభిస్తుంది. అందుకే ఎటూ తేలనప్పుడు ముందు టీబీ మందులిచ్చి, రెండు మూడు నెలలకు మళ్ళీ స్కోపీ చేసి పుండ్లు మానాయో లేదో చూస్తారు. నొప్పి తగ్గిందన్న మాట ఒక్కటే చాలదు, ఆ మందులతో క్రోన్స్ ఉన్నవాళ్ళకూ కొంత హాయిగా ఉండవచ్చు. మా వాడికి పుండ్లు మానలేదు, క్రోన్స్ అని అప్పుడు తేలింది. దయచేసి ఆ మలి స్కోపీని డబ్బు గుంజే పనిగా చూడకండి.

స్కోపీ అందని చిన్నపేగు భాగానికి సీటీ లేదా ఎంఆర్ఐ ఎంటరోగ్రఫీ ఉన్నాయి. ఎంఆర్ఐలో రేడియేషన్ ఉండదు కాబట్టి కుర్రవాళ్ళకు అదే నయం. కెమెరా క్యాప్సూల్ మింగడం తేలికే గానీ, పేగు ఇరుకైన చోట ఇరుక్కుపోవచ్చు. ముక్క తీయడం దానివల్ల కాదు.

నా మాట అడిగితే, రక్తం పడుతున్నా, బరువు తగ్గుతున్నా, రక్తహీనత ఉన్నా, రాత్రి నిద్రలో లేచి వెళ్ళాల్సివస్తున్నా మలపరీక్ష దగ్గర ఆగకండి. పైల్స్ అనుకుని నెలలు పోగొట్టుకోకండి. స్కోపీ ఎప్పుడో డాక్టరుని అడగండి. ఇవేవీ లేని చిన్న వయసువాళ్ళకు మలపరీక్షతో మొదలుపెట్టడమే మేలు. జబ్బు తేలాక కూడా దాని పని అయిపోదు. మందు పనిచేస్తోందో లేదో చూడటానికి మా తమ్ముడికి ఇప్పుడు కొన్ని నెలలకోసారి అదే చేయిస్తున్నారు.