గిలక లెక్క: రెండు దిమ్మెలను ఒకటిగా పట్టడం మేలా, విడదీయడం మేలా?

బల్ల మీద 3 కిలోల దిమ్మె. దానికి కట్టిన తాడు బల్ల అంచున గిలక మీదుగా దిగుతుంది, చివర 2 కిలోల దిమ్మె వేలాడుతోంది. ఘర్షణ లేదు, తాడుకూ గిలకకూ బరువు లేదు, గురుత్వ త్వరణం 10 మీ/సె².

రెండు దిమ్మెలనూ ఒకే వస్తువుగా లెక్కిస్తే పని ఒక్క వరుసలో అయిపోతుంది. లాగే బలం 2 × 10 = 20 న్యూటన్లు, కదలాల్సిన ద్రవ్యరాశి 5 కిలోలు, త్వరణం 20 ÷ 5 = 4 మీ/సె². 180 నిమిషాల్లో 160 ప్రశ్నలుండే ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) లాంటి పరీక్షలో త్వరణం ఒక్కటే అడిగితే ఇదే మేలు.

తన్యత (తాడు దిమ్మెను లాగే బలం) అడిగితే మాత్రం విడదీయక తప్పదు. ఒక్కో దిమ్మెకు విడిగా బొమ్మ గీసి, దాని మీద పడే బలాలే గుర్తించాలి. బల్ల మీదిదానికి: తన్యత = 3 × 4 = 12 న్యూటన్లు. వేలాడేదానితో సరిచూస్తే: 20 − 12 = 8 = 2 × 4. సరిపోయింది.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. కింద 20 న్యూటన్ల బరువుంది కదా అని తన్యతా 20 అనేస్తారు. అప్పుడు వేలాడే దిమ్మె మీద ఫలిత బలం సున్నా అవుతుంది. మరి అది వేగం పెంచుకుంటూ ఎలా దిగుతుంది? త్వరణంతో దిగుతోందంటే తన్యత బరువుకన్నా తక్కువే ఉండాలి.

ఇప్పుడు బల్లకు ఘర్షణ ఉందని, దాని గుణకం 0.2 అని అనుకుందాం. పై దిమ్మె బరువు 3 × 10 = 30 న్యూటన్లు కాబట్టి ఘర్షణ 0.2 × 30 = 6 న్యూటన్లు, త్వరణం (20 − 6) ÷ 5 = 2.8, తన్యత 3 × 2.8 + 6 = 14.4. ఆ చివరి 6 కలపడం మరిచిపోతే 8.4 వస్తుంది. బొమ్మ గీసినవాళ్లకు ఈ పొరపాటు అరుదు. అన్నిటికన్నా ముందు అసలు కదులుతుందా అని చూడాలి: స్థైతిక ఘర్షణ (దిమ్మె కదలక ముందు ఉండే ఘర్షణ) గుణకం 0.7 అయితే ఘర్షణ 21 న్యూటన్ల దాకా తట్టుకోగలదు, 20కి దిమ్మె కదలదు. అప్పుడు మాత్రం తన్యత నిజంగానే 20.

గిలకే కదిలే లెక్కల్లో ఒకటిగా పట్టే పద్ధతి పనికిరాదు. కదిలే గిలకకు వేలాడే దిమ్మె ఒక మీటరు లేస్తే తాడు కొసన ఉన్నది రెండు మీటర్లు దిగుతుంది. త్వరణాలే వేరైనప్పుడు మొత్తం ద్రవ్యరాశితో భాగించడం కుదరదు. విడదీసి, రెండు త్వరణాల మధ్య ఈ 1:2 సంబంధాన్ని ముందే రాసుకోవాలి.