స్పామ్ ఫోన్లకు కళ్లెం: డీఎన్‌డీనా, ట్రూకాలరా, ఫోన్లో ఉన్న ఫిల్టరా, రెండో సిమ్మా?

రామాయపట్నం పోర్టుకు కూతవేటు దూరంలో ప్లాటు, వాయిదాల మీద ఇస్తాం. మీకు పర్సనల్ లోను ముందే శాంక్షనైంది సార్. క్రెడిట్ కార్డు జీవితాంతం ఉచితం. నెల్లూరు, ఒంగోలు వైపు అన్నం ముందు కూర్చునే వేళకు మోగే ఫోన్లలో ఈ బాపతువి తక్కువేం ఉండవు. వీటిని ఆపడానికి మన చేతిలో ఉన్నవి నాలుగు దారులు. 1909కి చెప్పి డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్, అంటే ప్రకటనల ఫోన్లు వద్దని నమోదు) పెట్టించుకోవడం, ఫోన్ చేసేది ఎవరో చూపించే ట్రూకాలర్ లాంటి యాప్, ఫోన్లోనే ఉన్న స్పామ్ ఫిల్టరు, ఊరందరికీ ఇవ్వడానికి వేరే సిమ్ము. నాలుగూ ఒకే పని చేస్తాయనుకుని ఏదో ఒకటి పెట్టి, వారం చూసి, ‘ఇది పని చెయ్యదబ్బా’ అని తీసేసేవాళ్లే ఎక్కువ. చిక్కంతా అక్కడే. ఒక్కోటి ఒక్కో రకం పీడను ఆపుతుంది. మీకు ఏది మేలో తేలాలంటే ముందు ఒక ప్రశ్నకు జవాబు కావాలి: తెలియని నంబరు నుంచి వచ్చే ఫోను మీకు ఎంత అవసరం?

డీఎన్‌డీతో మొదలుపెడదాం, పైసా ఖర్చు లేనిది కాబట్టి. మెసేజ్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో స్టార్ట్ అని కొట్టి, ఖాళీ వదిలి 0 పెట్టి 1909కి పంపితే ప్రకటనలన్నీ బంద్. కొన్ని రకాలు మాత్రమే ఆపాలంటే అంకెలు గుర్తుపెట్టుకునే బాధ ఎందుకు, మీ సిమ్ము కంపెనీ యాప్‌లోనో, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి డీఎన్‌డీ యాప్‌లోనో టిక్కులు పెట్టుకోవచ్చు. బ్యాంకులు, రియల్ ఎస్టేట్, చదువులు, ఆరోగ్యం, ఇట్లా విడివిడిగా ఉంటాయి. బ్యాంకు ఓటీపీలు, గ్యాస్ బుకింగ్ మెసేజ్‌లు దీనివల్ల ఆగవు, ఆ భయం అక్కర్లేదు.

అయితే డీఎన్‌డీ ఆపేది రూలు పాటించేవాణ్ణి. 140తో మొదలయ్యే నంబర్లు ప్రకటనలకు కేటాయించినవి, ఆ దారిన వచ్చేవాళ్లు డీఎన్‌డీ పెట్టుకున్నవాళ్ల జాబితా చూసుకునే ఫోన్ చెయ్యాలి. బ్యాంకులు, బీమా కంపెనీలు తమ ఖాతాదారులతో మాట్లాడటానికి 1600 సిరీస్ ఉంది. మామూలు పది అంకెల సిమ్ముతో ప్లాట్లు అమ్మేవాడు ఈ రెండింట్లోనూ లేడు, వాడికి ఏ జాబితాతోనూ పని లేదు. ఇంకో తూటు మనమే పెట్టుకుంటాం. ట్రంకు రోడ్డు షోరూములో లక్కీ డ్రా కూపన్ నింపేటప్పుడు కింద సన్నటి అక్షరాల్లో ‘సమాచారం పంపడానికి అంగీకరిస్తున్నాను’ అని ఉంటుంది. ఆ సంతకంతో ఆ షాపు వరకు డీఎన్‌డీకి తలుపు తీసినట్టే.

ఎవరు రూలు పాటిస్తున్నారో మెసేజ్‌లో ఇట్టే తెలుస్తుంది. పైన పంపినవారి పేరు చూడండి. మొదట రెండక్షరాలు, ఒక గీత, సంస్థ గుర్తు, మళ్లీ గీత, చివర ఒంటి అక్షరం. ముందున్న రెండక్షరాల్లో మొదటిది ఏ టెలికాం కంపెనీ నుంచి బయలుదేరిందో, రెండోది ఏ సర్కిలో, అంటే ఏ టెలికాం ప్రాంతమో, చెబుతాయి. చివరి అక్షరం ట్రాయ్ 2025 మార్పుల్లో తప్పనిసరి చేసింది: పీ అంటే ప్రకటన, ఎస్ అంటే సర్వీసు, టీ అంటే లావాదేవీ, జీ అంటే ప్రభుత్వం. పూర్తి డీఎన్‌డీ పెట్టాక కూడా పీ తోక ఉన్న మెసేజ్ వస్తోందంటే ఫిర్యాదుకు అర్హమైనదే. ‘మీ కేవైసీ ఆగిపోయింది’ అనే మెసేజ్ ఈ గుర్తులేవీ లేకుండా ఉత్త పది అంకెల నంబరు నుంచి వచ్చిందా, అది బ్యాంకుది కాదు. లోపల ఏం రాశారో చదవాల్సిన పని కూడా లేదు.

డీఎన్‌డీలో జనం వాడనిదీ, అసలు పదునున్నదీ ఫిర్యాదే. ఏ నంబరుకు ఫోన్ వచ్చిందో ఆ సిమ్ము నుంచే 1909కి మెసేజ్ పెట్టాలి. వాడు ఏం అమ్మబోయాడో ఒక ముక్క, కామా, వాడి పది అంకెల నంబరు, కామా, రోజు/నెల/సంవత్సరం. అంతే. తిరిగి ఫిర్యాదు నంబరు వస్తుంది. తిరగ్గొట్టేది సాధారణంగా మూడు కారణాల వల్ల: తేదీ లేకపోవడం, వేరే సిమ్ము నుంచి పంపడం, ఏడు రోజులు దాటిపోవడం. ఈ గడువు ఇంతకుముందు మూడు రోజులే, 2025 ఫిబ్రవరి సవరణతో ఏడయింది. అదే సవరణ ఇంకో మేలు చేసింది. ప్రకటనలకు రిజిస్టరు కాని మామూలు సిమ్ముల నుంచి వచ్చే స్పామ్ మీద, మీరు డీఎన్‌డీలో లేకపోయినా ఫిర్యాదు చెయ్యొచ్చు. ఒక నంబరు మీద పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు పడితే కంపెనీ కదలాలి. మొదటిసారి తప్పు తేలితే పదిహేను రోజులు ఆ సిమ్ము నుంచి బయటికి ఫోన్లు పోవు, మళ్లీ అదే పని చేస్తే ఏడాది పాటు కనెక్షన్లన్నీ కోత. అంటే ఒకే ప్లాటువాడి ఫోను వచ్చిన అపార్టుమెంటులో ఐదిళ్లవాళ్లు తలా ఒక మెసేజ్ పెడితే చాలు. తిట్టి పెట్టేస్తే మనకు నోటి దురద తీరుతుంది గానీ వాడికి పోయేదేం లేదు. వాట్సాప్‌లో వచ్చే కాల్స్ మాత్రం 1909 కిందకు రావు.

ఇక ట్రూకాలర్. 2009లో స్వీడన్‌లో పుట్టిన ఈ యాప్ మన దగ్గర ఎంత పాతుకుపోయిందంటే, ‘నీ పేరు ట్రూకాలర్లో ఇంకోలా వస్తోందే’ అనేది పలకరింపుగా మారింది. దాని బలం జనం. నలుగురు ఒక నంబరును లోను ఏజెంటు అని కొడితే ఐదోవాడి ఫోన్లో ఎర్రగా వెలుగుతుంది. దాని బలహీనతా జనమే. రొయ్య పిల్లల హేచరీ నుంచి ఫోన్ చేసే కుర్రాడు రోజుకు వంద మందికి చేస్తాడు, అందులో కొందరు విసుక్కుని స్పామ్ అని కొడతారు, అంతే, పని ఉన్నవాడికీ ఎర్రగానే కనిపిస్తాడు. వాడకం ఆగిపోయిన నంబర్లను కంపెనీలు 90 రోజులు పక్కన పెట్టి మళ్లీ కొత్తవాళ్లకు ఇస్తాయి కాబట్టి, కొత్త సిమ్ము కొన్నవాడికి పాత రికవరీ ఏజెంటు పేరు అంటుకుని వస్తుంది. ఆ పేరు మార్చుకోవాలంటే అదే యాప్‌లో నంబరు నిరూపించుకుని సరిచేసుకోవాలి.

ఎవరూ చెప్పని చిక్కు ఇంకొకటి ఉంది, కోస్తా మండలాల వాళ్లు గమనించే ఉంటారు. ట్రూకాలర్ చాలా నంబర్లకు పేరు తేవాలంటే ఆ క్షణాన నెట్ ఉండాలి. రొయ్యల గుంటల గట్టు మీద సిగ్నలు ఒక గీత మీద ఊగుతున్నప్పుడు ఫోను ముందు మోగుతుంది, పేరు తరవాత వస్తుంది. మాట్లాడి పెట్టేశాక ‘లోన్ ఏజెంట్’ అని చూపిస్తే ఏం లాభం! పైగా ప్రతి కాల్ తరవాతా తెర నిండా ప్రకటన. డబ్బు కడితే పోతుంది, అది వేరే లెక్క. పెట్టుకునేవాళ్లకు ఒకే హెచ్చరిక: కాలర్ ఐడీకి కావాల్సిన అనుమతి ఇవ్వండి, ఎస్ఎంఎస్ చదివే అనుమతి అడిగితే వద్దనండి. ఓటీపీలన్నీ అక్కడే ఉంటాయి, పేరు చూపించడానికి వాటితో పని లేదు.

ఫోన్లో ఉన్న ఫిల్టరును మాత్రం చాలామంది తక్కువ చేసి చూస్తారు. గూగుల్ ఫోన్ యాప్ ఉంటే మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్, కాలర్ ఐడీ అండ్ స్పామ్. అందులో రెండు మీటలుంటాయి. మొదటిది స్పామ్ అని గుర్తుపెట్టి చూపిస్తుంది. రెండోది, ఫిల్టర్ స్పామ్ కాల్స్, అసలు మోగనివ్వదు, కాల్ జాబితాలో మాత్రం కనిపిస్తుంది. మొదటిది ఒక్కటి పెట్టుకుని నెల చూడండి, పనికొచ్చే ఫోను దేన్నీ తప్పుగా పట్టలేదని నమ్మకం కుదిరాక రెండోది వెయ్యండి. శామ్‌సంగ్‌లో ఇదే కాలర్ ఐడీ అండ్ స్పామ్ ప్రొటెక్షన్ పేరుతో ఉంటుంది. ప్రకటనలు లేవు, కొత్త యాప్‌కు అనుమతులు లేవు. పేర్ల విషయంలో ట్రూకాలర్‌కు సరితూగదు, ఇది నిజం. షాపులు, ఆఫీసుల పేర్లు చూపిస్తుంది గానీ మామూలు మనిషి పేరు చెప్పదు. 2024 సెప్టెంబరు నుంచి ఎయిర్‌టెల్ తన నెట్‌వర్కులోనే అనుమానం ఉన్న కాల్‌కు ముద్ర వేసి పంపుతోంది, దానికి ఫోన్లో నెట్ ఉండాల్సిన పని లేదు.

ఐఫోన్లో, ఇంకా కొన్ని ఫోన్లలో, తెలియని నంబర్లన్నీ మోగకుండా చేసే మీట ఉంది. వినడానికి ఎంత హాయిగా ఉంటుందో, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల సాగు చేసేవాళ్లకు అంత ప్రమాదం. పట్టుబడి రోజు, అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజు, తీసుకోండి. ఐసు లారీ డ్రైవరు, కొనుగోలుదారు పంపిన మనిషి, తూకం కుర్రాళ్లు, ఒక్కరి నంబరూ మన ఫోన్లో ఉండదు. రాత్రి రెండింటికి కరెంటు పోయి, నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే లైన్‌మన్ తన సొంత ఫోన్ నుంచి తిరిగి చేస్తాడు. ఆ ఒక్క ఫోను మోగకపోతే తెల్లారేసరికి రొయ్యలు నీటి మీద తేలతాయి. చీమకుర్తి గ్రానైటు లోడింగు, పొగాకు వేలం రోజులు కూడా ఇదే తీరు. ఇట్లాంటి వాళ్లకు ఎర్ర ముద్ర చాలు, మోగకుండా చెయ్యడం వద్దు. పేరు కూడా తెలియాలనుకుంటే వీళ్లకే ట్రూకాలర్ అక్కరకొస్తుంది, చికాకులన్నీ భరించి.

దీనికి సరిగ్గా ఎదురు, ఉదయగిరిలోనో కనిగిరిలోనో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు. పిల్లలు బెంగళూరులో ఉంటారు. వీళ్లకు తెలియని నంబరుతో పనేముంది? ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగ్స్‌లోని డు నాట్ డిస్టర్బ్‌లో (1909 డీఎన్‌డీ వేరు, ఇది వేరు) కాల్స్‌కు కాంటాక్ట్స్ మాత్రమే అని పెట్టి, కింద రిపీట్ కాలర్స్ మీట వెయ్యండి. 15 నిమిషాల్లోపు అదే నంబరు రెండోసారి చేస్తే మోగుతుంది. పక్కింటి వాళ్లు, ఆర్ఎంపీ డాక్టరు, గ్యాస్ డెలివరీ అబ్బాయి, అందరినీ ముందు కాంటాక్ట్స్‌లో ఎక్కించాలి. అది మరిచిపోయి మీట వేస్తే గ్యాస్ బండ వెనక్కి పోతుంది, మనకు తిట్లు పడతాయి. పోలీసులమని చెప్పి ‘డిజిటల్ అరెస్టు’ అని బెదిరించేవాళ్లు వలేసేది వీళ్లకే కాబట్టి, యాభై యాప్‌ల కన్నా ఈ ఒక్క మీట మేలు. వాట్సాప్‌లో కూడా సెట్టింగ్స్, ప్రైవసీ, కాల్స్‌కు పోయి సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్ వెయ్యాలి. 2023లో వియత్నాం, ఇండోనేషియా, కెన్యా కోడ్లతో మిస్డ్ కాల్స్ వరదలా వచ్చినప్పుడు తెచ్చిన మీట ఇది.

వీటిలో ఏదీ ఆపలేనివి రెండున్నాయి, రెండూ దొంగతనాలే. ఒకటి ఏపీకే ఫైలు. పెళ్లిపత్రిక అనో, మీ బండికి చలానా పడిందనో తెలిసినవాళ్ల వాట్సాప్ నుంచే వస్తుంది, ఎందుకంటే వాళ్ల ఫోను అప్పటికే చిక్కింది. పత్రిక ఎప్పుడూ బొమ్మో పీడీఎఫ్‌ఓ అవుతుంది, చివర ఏపీకే అని ఉంటే అది యాప్. సెట్టింగ్స్‌లో స్పెషల్ యాప్ యాక్సెస్, ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్‌కు పోయి వాట్సాప్, టెలిగ్రామ్, బ్రౌజరు మూడింటికీ తీసేయండి. ‘బీజీఎంఐ యూసీ (ఆ గేమ్‌లో వాడే డబ్బు) ఉచితం’ అని పిల్లలకు, ‘సినిమాలకు రేటింగ్ ఇస్తే రోజుకు మూడు వేలు’ అని పెద్దలకు వచ్చే లింకుల్లో ఏపీకే దింపించేవాటికి గేటు ఇక్కడే పడుతుంది. రెండోది కొరియర్ పేరుతో వచ్చే ఫోను. ‘పార్సిల్ ఆగింది, *21* కొట్టి ఈ నంబరు నొక్కండి’ అంటాడు. నొక్కితే మీ ఫోన్లన్నీ వాడికి మళ్లుతాయి, ఓటీపీ చెప్పే కాల్స్‌తో సహా. *#21# కొడితే మళ్లింపు ఉందో లేదో కనిపిస్తుంది, ##002# కొడితే అన్నీ రద్దు. డబ్బు పోయిందంటే అప్పుడు 1909 కాదు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930.

ఇక రెండో సిమ్ము. నా లెక్కలో డీఎన్‌డీ కన్నా, యాప్‌ల కన్నా ముందు నిలబడేది ఇదే, ఎందుకంటే మిగతావన్నీ వచ్చినదాన్ని ఆపుతాయి, ఇది రానివ్వకుండా చేస్తుంది. బ్యాంకు, ఆధార్, పీఎం కిసాన్, పిల్లల బడి, బంధువులు ఒకటో నంబరుకు. షాపు బిల్లు, పెట్రోలు బంకు కూపను, ప్లాట్ల వెంచరు చూసి వచ్చేటప్పుడు సంతకం పెట్టే పుస్తకం, కొత్త గేమ్ అడిగే ఓటీపీ, ఇవన్నీ రెండోదానికి. సాయంత్రం ఒకసారి చూసుకుంటే సరి, పగలంతా ఆ సిమ్ము ఆఫ్‌లో ఉన్నా మునిగేదేం లేదు. కాకపోతే పాత నంబరు ఇప్పటికే ఊరంతా తిరిగి ఉంటే ఫలితం కనపడటానికి నెలలు పడుతుంది, ఆలోపు ఫిల్టరు తోడుండాలి.

ఇందులో జరిగే పొరపాటు మాత్రం ఖరీదైనది. కొత్త సిమ్ము మీద ఆఫరు బాగుందని దానికే యూపీఐ కడతారు, బ్యాంకు నంబరు కూడా మార్చేస్తారు. తరవాత రీఛార్జి మరిచిపోతారు. నంబరు చచ్చి, 90 రోజులు గడిచి, ఇంకొకరి చేతికి పోతుంది, మీ బ్యాంకు మెసేజ్‌లు ఆ కొత్తాయన ఫోన్లో పడతాయి. రెండో సిమ్ము వదిలేసే ముందు దాని మెసేజ్ బాక్సు తెరిచి, చివర టీ తోక ఉన్నవి ఏయే సంస్థల నుంచి వచ్చాయో ఒక్కొక్కటీ చూసుకుని అక్కడల్లా నంబరు మార్పించండి. మీ పేరు మీద ఇంకెన్ని సిమ్ములు నడుస్తున్నాయో టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైటులో కనిపిస్తుంది. మీది కానిది ఉంటే ‘నాట్ మై నంబర్’ నొక్కాలి, ఎవరో మీ పేరుతో ప్లాట్లు అమ్ముతూ ఉండొచ్చు.