గోవాలో గీకిన కార్డు, పాలమూరులో పడిన బిల్లు

గోవా పోదామనుకునే పాలమూరు వాళ్ళకు ముందే ఒక మాట. కాసినో కౌంటర్ దగ్గర క్రెడిట్ కార్డు బయటికి తీయకండి. ఎక్కడ దిగాలి, ఏం తినాలి అన్నవి కూడా రాస్తాను గానీ, నేను ఇది రాయడానికి కూర్చున్నది మాత్రం ఆ కార్డు బిల్లు చూసిన మంటతోనే.

ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సికింద్రాబాద్ నుంచి వాస్కోడిగామాకు వారానికి రెండుసార్లు నడిచే రైలును 2024 అక్టోబర్‌లో వేశారు. మహబూబ్‌నగర్‌లోనూ గద్వాలలోనూ ఆగుతుంది. అంతకుముందు మన వైపు నుంచి పోయే డబ్బాలను గుంతకల్లులో ఇంకో బండికి తగిలించేవాళ్ళు, ఆ తిప్పలు ఇప్పుడు లేవు. మధ్యాహ్నం పూట ఎక్కితే మర్నాడు తెల్లారకముందే మడగావ్‌లో దింపుతుంది. నేను, మా తోడల్లుడు, మా బామ్మర్ది, వనపర్తి నుంచి ఒక దోస్తు. ఇంట్లో చెప్పే వెళ్ళాం, కాసినో సంగతి కూడా చెప్పాం. మా ఆవిడ, "ఎవరి పైసలతో వాళ్ళు ఆడుకోండ్రి" అని ఒక్కటే షరతు పెట్టింది.

మడగావ్ స్టేషన్ బయట ట్యాక్సీ వాళ్ళు పణజీకి 1,800 అడిగారు. గోవాలో ఓలా, ఊబర్ నడవవు, అందుకే ఆ ధైర్యం. కదంబ బస్సు, అంటే గోవా ఆర్టీసీ బస్సు కోసం కాసేపు ఓపిక పడితే మనిషికి వందలోపే పని అయిపోతుంది. పణజీ బస్టాండుకు నడిచిపోయేంత దూరంలో లాడ్జి. రూముకు 1,800 చొప్పున రెండు రూములు, రెండు రాత్రులు, మొత్తం 7,200. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్ళు వచ్చాయి. ఓనరు పెద్దాయన పొద్దున్నే దిగినా అదనంగా ఒక్క రూపాయి అడగకుండా రూము తెరిచాడు. ఆ 7,200 నా క్రెడిట్ కార్డు మీదే కట్టాను. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

పాత గోవాలో బోమ్ జీసస్ చర్చి, మార్దోల్ దగ్గర మంగేశి గుడి, సాయంత్రం మిరామార్ బీచ్. అన్నీ బాగున్నాయి. చేపల భోజనం 250 పెట్టి తిన్నవాళ్ళం మేము సుఖపడ్డాం. తోడల్లుడు శాకాహారి. కొబ్బరి వాసన పడక రెండు పూటలూ ఉడుపి హోటల్ వెతుక్కుంటూ తిరిగాడు. "గింత కారం లేని ఊర్ల మనుషులు ఎట్ల బతుకుతున్నరు" అని ఆయన మొహం ముడుచుకునే ఉన్నాడు. అంత ముడుచుకున్న మొహమూ ఆ రాత్రి కాసినోలో విప్పారింది. అది తర్వాత చెప్తాను.

పణజీ ఒడ్డున మాండవి నదిలో కాసినో పడవలు లంగరేసి ఉంటాయి. మనం సోమశిలలో ఎక్కే లాంచీలాంటివి కావు, నీళ్ళ మీద నిలబెట్టిన ఫంక్షన్ హాలు అనుకోండి. ఒడ్డు నుంచి చిన్న బోటులో తీసుకెళ్తారు. 21 ఏళ్ళు నిండినట్టు గుర్తింపు కార్డు చూపించాలి. మేము ఎక్కినదానికి మనిషికి 3,000 ఎంట్రీ. అందులోనే తిండి, తాగుడు, ఆడుకోవడానికి కొన్ని ఉచిత బిళ్ళలు (చిప్స్), టేబుల్ మీద పైసలకు బదులు వాడేవి. ఆ బిళ్ళలను నగదుగా మార్చుకోవడం కుదరదు, వాటితో గెలిచినదాన్ని మాత్రం మార్చుకోవచ్చు. తిండి నిజంగా బాగుంది. మన బిర్యానీ కాదు గానీ పప్పు, పెరుగన్నం, ఆవకాయ కూడా పెట్టారు. ఎందుకు పెట్టరు? గోవా వాళ్ళను 2020 ఫిబ్రవరి నుంచి కాసినోల్లోకి రానివ్వడం లేదు. లోపల ఉన్నదంతా బయటి రాష్ట్రాల వాళ్ళే, అందులో మనవాళ్ళు తక్కువేం లేరు. స్టేజీ మీద తెలుగు పాటకు డ్యాన్సు, అందర్ బాహర్ టేబుల్ దగ్గర తెలుగులో బూతులు. మా జిల్లాలో మామిడితోటలో నలుగురు కూర్చుని పేకాట ఆడితే పోలీసులు పట్టుకుని ముక్కలు, పైసలు ముందు పెట్టి ఫొటో దింపుతారు. ఇక్కడ అదే ఆటకు తలుపు తీసి నమస్కారం పెడుతున్నారని మా దోస్తు తెగ మురిసిపోయాడు.

ఉచిత బిళ్ళలు అరగంటలో అయిపోయాయి. బామ్మర్దికి అప్పటికే చేయి దురద. వాడి కార్డు లిమిటు నిండిపోయింది. "బావా, నీ కార్డు గీకు. ఊరికి పోయినంక ఇచ్చేస్త" అన్నాడు. ఇచ్చే మనిషే, అందులో నాకు అనుమానం లేదు. కౌంటర్‌లో కుర్రాడు కూడా తెలుగువాడే. 35,000 రూపాయల బిళ్ళలు కావాలన్నాం. దాని మీద 40 శాతం జీఎస్టీ, అంటే 14,000. కాసినోల మీద ఈ పన్ను 2023 అక్టోబర్ నుంచి 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 అయింది. ఆట గెలుస్తామో ఓడుతామో తేలకముందే పద్నాలుగు వేలు ప్రభుత్వానికి పోయాయన్నమాట. అయినా అది గోడ మీద రాసే ఉంది, రసీదులోనూ ఉంది. దానితో నాకు పేచీ లేదు. మొత్తం 49,000.

"కార్డు అయితే రెండు పర్సెంట్ ఎక్స్‌ట్రా సార్" అన్నాడు. అంటే 980. మెషిన్ మీద 49,980 కొట్టాడు.

"ఇంకేం ఛార్జీలు పడవు కదా తమ్మీ?" అని అడిగాను. ఎందుకో అడగబుద్ధైంది.

"అంతే సార్. ఇంకేం ఉండవు."

ఆ "అంతే" దగ్గరే నా కడుపు మండుతోంది. బ్యాంకు నుంచి మెసేజీ కూడా వెంటనే వచ్చింది, 49,980 ఖర్చు చేశారని. ఖర్చు అని రాసి ఉంది. నగదు తీశారని లేదు.

బామ్మర్ది ఆట గురించి ఎక్కువ రాసి వాడి పరువు తీయను. రాత్రి రెండింటికి 11,500 మిగిలితే కౌంటర్‌లో ఇచ్చేశాడు, నగదు చేతికిచ్చారు. కార్డుతో కొన్నా తిరిగి ఇచ్చేది నగదే. ఈ చిన్న విషయం తర్వాత చాలా పెద్దదైంది. తోడల్లుడు మాత్రం సొంత పైసా తీయకుండా ఉచిత బిళ్ళలతోనే ఆడి 4,200 గెలిచాడు. మర్నాడు పణజీ మార్కెట్‌లో జీడిపప్పు కొని, తిరుగు ప్రయాణం పొడుగునా ఒక్కో గింజ మాకు పంచుతూ ఆటలో మెలకువలు చెప్పాడు. వాస్కో నుంచి బండి పొద్దున బయలుదేరుతుంది కాబట్టి దూద్‌సాగర్ జలపాతం పగటి వెలుతురులో కనిపిస్తుంది. పోయేటప్పుడు చీకట్లో దాటిపోతుంది. డబ్బాలో అందరూ కిటికీల దగ్గరికి ఎగబడ్డారు. మా బామ్మర్ది పై బెర్తు మీది నుంచి తల కూడా తిప్పలేదు.

బిల్లు వచ్చింది. 49,980 కింద మరో నాలుగు వరుసలు. నగదు అడ్వాన్సు రుసుము 2.5 శాతం, 1,249.50. దాని మీద 18 శాతం జీఎస్టీ, 224.91. వడ్డీ నెలకు 3.75 శాతం లెక్కన, గీకిన రోజు నుంచి 28 రోజులకు 1,725.34. ఆ వడ్డీ మీద కూడా జీఎస్టీ, 310.56. వెరసి 3,510.31. కౌంటర్‌లో గుంజిన 980 దీనికి వేరు. అదే కార్డు మీద, ఆ ముందు రోజే కట్టిన లాడ్జి 7,200 మీద ఒక్క పైసా అదనం లేదు. నేను గడువులోపు బిల్లు కట్టే మనిషిని, ఇన్నేళ్ళలో ఈ కార్డుకు వడ్డీ కట్టి ఎరగను.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఒకటి నొక్కు, మూడు నొక్కు అని ఇరవై నిమిషాలు పాట వినిపించి, చివరికి ఒక అమ్మాయి మాట్లాడింది. ఆమెను తప్పుపట్టను, ఓపికగా చెప్పింది. ప్రతి దుకాణం కార్డు మెషిన్‌కూ నాలుగంకెల కోడ్ ఒకటి ఉంటుందట. లాడ్జికి 7011, జూదానికి, కాసినోకు 7995. బిళ్ళలు కొనడమంటే వస్తువు కొనడం కాదు, వాటిని ఎప్పుడైనా నగదుగా మార్చుకోవచ్చు. అందుకని ఏటీఎంలో క్రెడిట్ కార్డు పెట్టి పైసలు తీసినట్టే మా బ్యాంకు లెక్క కడుతుంది. నగదుకు వడ్డీ లేని గడువు ఉండదు, మొదటి రోజు నుంచే మీటరు తిరుగుతుంది. రివార్డు పాయింట్లు కూడా రావు.

కారణం వింటే సబబుగానే ఉంది. బామ్మర్ది చేతికి 11,500 నోట్లు వచ్చిన మాట నిజమే కదా. నా గొడవ అది కాదు. ఆ కోడ్ మెషిన్‌కు తెలుసు, బ్యాంకుకు తెలుసు, రోజూ వందల కార్డులు గీకే కౌంటర్‌కు తెలియకుండా ఉండదు. తెలియనిది పైసలు కట్టే మనిషికి ఒక్కడికే. మెసేజీలో "ఇది నగదు కింద లెక్క" అని రాయడానికి ఏం అడ్డం? "మీకిచ్చిన ముఖ్యమైన షరతుల కాగితంలో ఉంది సర్" అంది ఆ అమ్మాయి. నిజమే, ఉంది. కార్డుతో పాటు వచ్చిన కవరులో, చీమల బారులాంటి అక్షరాల్లో. కాసినోకు పోయేవాడు ఆ కవరు జేబులో పెట్టుకుని పోతాడా?

అన్ని బ్యాంకుల పద్ధతీ ఒకటి కాదు. కొన్ని కార్డులు కాసినో పేరు వస్తేనే చెల్లింపు ఆపేస్తాయి, అదే నయం. ఆన్‌లైన్ ఆటల సంగతి ఇంకో తమాషా. ఒక పెద్ద ప్రైవేటు బ్యాంకు 2025 జూలై 1 నుంచి, నెలలో గేమింగ్ యాప్‌ల మీద 10,000 దాటి ఖర్చు పెడితే ఒక శాతం రుసుము, గరిష్ఠంగా 4,999 అని పెట్టింది. ఆ ఆగస్టులోనే పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. మన తెలంగాణలో అవి 2017 నుంచే నిషేధం, కాబట్టి మనకు ఆ రుసుము కట్టే యోగం కూడా లేకపోయింది. లండన్‌లో ఉండే మా సారు కొడుకు చెప్పాడు, అక్కడ 2020 ఏప్రిల్ 14 నుంచి క్రెడిట్ కార్డుతో పందెం కాయడమే కుదరదట. అప్పు పైసలతో జూదం ఆడనివ్వకూడదని. ఇక్కడ ఆడనిస్తారు, తర్వాత బిల్లు పంపిస్తారు.

అంతగా ఆడాలనిపిస్తే ఏం చేయాలో చెప్తాను. పణజీలో ఒడ్డు మీదే ఏటీఎంలు ఉన్నాయి. డెబిట్ కార్డుతో తీయండి. ఉచిత విత్‌డ్రాయల్స్ అయిపోయినా ఒక్కోదానికి గరిష్ఠంగా 23 రూపాయలు, దాని మీద పన్ను. కౌంటర్‌లో గుంజిన 980తో కలిపి నాకు పడిన నాలుగున్నర వేలెక్కడ, ఇదెక్కడ! పైగా జేబులో ఉన్నంతే పోతుంది. లేదా మా తోడల్లుడిలా ఉచిత బిళ్ళలతో ఆడి, పెరుగన్నం తిని, ఒడ్డుకు వచ్చేయండి. ఆ మూడు వేల ఎంట్రీకి తిండి, షో, రాత్రి నది మీద గాలి, అంతవరకు గిట్టుబాటే. రెండోసారి పోతానా అంటే, లాడ్జికి పోతాను, దూద్‌సాగర్ కోసం పోతాను, పడవ ఎక్కను.

బిల్లు మొత్తం ముందు కట్టేశాను, లేకపోతే వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఆ తర్వాత బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాను. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, సందేహాలుంటే 14448కు ఫోన్ చేయవచ్చు. ఆ మాట నా ఉత్తరంలోనే రాశాను. అంతదాకా పోనవసరం లేకుండానే, "ఈ ఒక్కసారికి" అంటూ రుసుము 1,249.50, దాని మీది పన్ను 224.91 వెనక్కి వేశారు. వడ్డీ మాత్రం వెనక్కి ఇచ్చేది లేదన్నారు. దాని మీది పన్నుతో కలిపి ఇంకా 2,035.90 మిగిలింది.

అది ఎవరు భరించాలన్నదే ఇప్పుడు మా ఇంట్లో పంచాయితీ. బామ్మర్ది ఊరికి రాగానే మాట ప్రకారం 49,980 ఫోన్‌పే చేశాడు. "బావా, నేను తీసుకున్నది అంత, ఇచ్చింది అంత. వడ్డీ నీకూ నీ బ్యాంకుకూ మధ్య ముచ్చట" అంటాడు. "ఆడింది నువ్వు కదరా" అంటాను నేను. మధ్యలో మా ఆవిడ, "ఎవరి పైసలతో వాళ్ళు ఆడుమని చెప్పిన్నా లేదా?" అని ఇద్దరినీ కలిపి తిట్టింది. తిట్టి, చివరికి తమ్ముడి వైపే మొగ్గింది.

పోయిన ఆదివారం వాడు ముప్పై కిలోల పల్లీల బస్తా తెచ్చి మా వరండాలో దింపాడు. అక్కతో ఏం మాట్లాడుకున్నాడో తెలియదు. కిలో 70 లెక్కన 2,100 అయిందట. వడ్డీ పోను నేనే వాడికి 64 రూపాయల పది పైసలు బాకీ అంటున్నాడు.