జాన్ తలోన్ వీధిలో వేడివేడి మహాజెబ్

కెనడాలో క్యుబెక్ రాష్ట్రపు మాంట్రియల్ మెట్రోలో నీలం లైను పట్టుకుని సెయింట్ మిషెల్ స్టేషనులో దిగండి. జాన్ తలోన్ వీధి వెంబడి పీ నఫ్ బులెవార్డు వైపు నడవండి. అద్దం వెనక పెద్ద పెనం, పక్కనే నూనె రాసిన రాతిబల్ల కనిపిస్తే అదే నేను చెప్పబోయే అల్జీరియా కొట్టు. బోర్డు చిన్నది, చూసుకోకపోతే దాటిపోతారు.

నేను మూడేళ్లుగా వెళ్లేది మహాజెబ్ అనే అల్జీరియా మడత రొట్టె కోసం. గోధుమరవ్వను నీళ్లు చిలకరిస్తూ మెత్తగా సాగేదాకా పిసికి, ఉండలు చేసి నూనెలో నాననిస్తారు. కొట్టు నడిపే ఆవిడ ఒక ఉండ తీసి బల్ల మీద వేసి, వేళ్లతో అంచులు లాగుతుంటే కింద రాయి రంగు కనబడుతుంది. అరటాకు మీద బొబ్బట్టు వత్తడంలో మా అమ్మది అందెవేసిన చెయ్యి, అమ్మకూ ఇంత పలచగా రాలేదు. ఉల్లి, టమాటా, మిరప మగ్గబెట్టిన కూర పెట్టి, నాలుగు వైపులా మడిచి పెనం మీద కాలుస్తారు. అంచు కరకరలాడుతుంది, మడతలో మెత్తగా ఉంటుంది. మాంసం, గుడ్డు ఉండవు. కారం చాలకపోతే హరీసా, అంటే ఎండుమిరప ముద్ద, అడగండి.

శనగపిండితో చేసే గరాంటిటా కూడా బాగుంటుంది, అయితే అందులో గుడ్డు వేస్తారు. పుదీనా టీ మాత్రం నాకు మరీ తీపి.

కొట్టావిడ 1990ల్లో, అల్జీరియా అంతర్యుద్ధంలో మండుతున్న రోజుల్లో వచ్చారు. ఫ్రెంచి వచ్చినవాళ్లకు క్యుబెక్‌ వలసల్లో ప్రాధాన్యం ఉండటంతో అల్జీరియన్లు చాలామంది ఇటే వచ్చారు. తర్వాత మొరాకో, ట్యునీసియా వాళ్ల కొట్లూ కలిసి, ఈ వీధి ముక్కకు పెటీ మగ్రెబ్, అంటే చిన్న మగ్రెబ్, అని పేరొచ్చింది; మగ్రెబ్ అంటే ఈ దేశాలున్న వాయవ్య ఆఫ్రికా. గోడ మీద 2019లో ఆఫ్రికా కప్పు గెలిచిన అల్జీరియా జట్టు ఫోటో ఉంది.

డబ్బులు తీసుకునేది ఇక్కడే పుట్టిన కూతురు. మనతో క్యుబెక్ యాస ఫ్రెంచి, వెనక్కి తిరిగి తల్లితో దార్జా, అంటే అల్జీరియా వాడుక అరబ్బీ. మా ఆరేళ్ల పాప తెలుగులో అడిగినదానికి ఫ్రెంచిలో జవాబిస్తుంది. మీ అమ్మాయికి మీ భాష ఎలా నిలిచిందని ఆ తల్లిని ఒకసారి అడిగాను. "పిండి పిసకడం నేర్పేటప్పుడు నాకు ఫ్రెంచి రాదు, బెంతి" అన్నారావిడ. బెంతి అంటే వాళ్ల భాషలో 'నా బిడ్డా' అని.

ఆ వారమే మా పాపను స్టూలెక్కించి చపాతీపిండి ముందు నిలబెట్టాను. 'ఉండ', 'వత్తు', 'అంచు' ఇప్పుడు తనంతట తానే అంటోంది.

కూర్చోవడానికి నాలుగే కుర్చీలు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక నిలబడే చోటుండదు. ఆదివారం పదకొండులోపు వెళ్లండి, తర్వాత మహాజెబ్ మిగలదు.