కట్సు అంటే గ్రేవీ కాదండీ, ముక్క

లీడ్స్‌లో మా ఆఫీసు వెనక సందులో పన్నెండు కుర్చీలుండే చిన్న జపనీస్ హోటల్ ఒకటుంది, నిన్న మూడోసారి వెళ్ళొచ్చా, ఇంక రాయకుండా ఉండలేకపోతున్నా. వాళ్ళ చికెన్ కట్సు కర్రీకి ఐదుకి నాలుగున్నర ఇస్తా. కట్సు అనే మాటకి అసలు అర్థం ఏంటో తెలిసి వండేవాళ్ళు ఈ ఊళ్ళో నాకు దొరికింది వీళ్ళే.

ఇక్కడికి వచ్చిన కొత్తలో కట్సు అంటే ఆ పసుపురంగు తియ్యటి గ్రేవీ పేరే అనుకున్నా, ఎందుకంటే సూపర్‌మార్కెట్‌కి వెళ్తే కట్సు సాస్ అని సీసాల్లో గ్రేవీ అమ్ముతారు, ఇంగ్లండ్‌లో చాలామంది కట్సు అంటే ఆ రుచి అనే వాడతారు. ఒకచోట కట్సు చికెన్ ఆర్డర్ పెడితే ఉత్త గ్రిల్ చికెన్ మీద ఆ గ్రేవీ పోసిచ్చారు, బ్రెడ్ పొడి లేదు, వేపుడు లేదు, అడిగితే ఇదే కట్సు అన్నారు. చాలా బాధేసింది, డబ్బుల గురించి కాదు, వంటలో ఉండాల్సిన అసలు వస్తువే లేకుండా పేరు మాత్రం పెట్టినందుకు.

జపాన్‌లో కట్సు అంటే ముక్క. మాంసమో చేపో కూరగాయో తీసుకుని మైదా అద్ది, గుడ్డులో ముంచి, బ్రెడ్ పొడి పట్టించి నూనెలో వేయించి పట్టీల్లాగా కోస్తారు, అదీ కట్సు. పందిమాంసమైతే టోంకట్సు, అన్నం, కర్రీతో కలిపి పెడితే కట్సు కర్రీ. ఇంకో విషయం, ఈ మాట పుట్టింది జపనీస్‌లో కాదు, ఇంగ్లీష్ కట్లెట్‌నే వాళ్ళ నోరు తిరిగినట్టు కట్సురెట్సు అని, తర్వాత సగం కోసేసి కట్సు అన్నారు. టోక్యోలో గింజా అనే పేటలో ఉన్న రెంగాటెయ్ అనే హోటల్ 1899లోనే పంది కట్లెట్ మొదలుపెట్టింది. కర్రీ కూడా మెయిజీ చక్రవర్తి కాలంలో (1868–1912) బ్రిటిష్ వాళ్ళ చేతుల మీదుగానే అక్కడికెళ్ళింది. అలా వెళ్ళిన కట్లెట్ కట్సు అయ్యి మళ్ళీ ఇంగ్లీష్‌లోకి వచ్చి 2024లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీలో కూర్చుంది, వాళ్ళూ వేయించిన ముక్క అనే అర్థం రాశారు. రైల్లో కట్లెట్ కట్లెట్ అని అరుచుకుంటూ వచ్చే అన్న దగ్గర మనం కొనుక్కునేదీ, నిన్న నా ప్లేటులో ఉన్నదీ ఒకటే మాట! అది తెలిసిన రోజు నాకెంత సంతోషమేసిందో.

ఇక ప్లేటు సంగతి. ఒకవైపు ముద్దగా అంటుకునే పొట్టి బియ్యం అన్నం, ఇంకోవైపు కర్రీ, మధ్యలో ఆరు పట్టీలుగా కోసిన చికెన్, పక్కన దారాల్లా తరిగిన పచ్చి క్యాబేజీ. గ్రేవీ ముక్కల మీద పొయ్యలేదు, సగం వరకే తగిలేట్టు పోశారు, అందుకే పైసగం చివరిదాకా కరకరలాడింది. పొడి మనింట్లో కట్లెట్‌కి వాడే మెత్తటి పొడి కాదు, పాంకో, రేకులు రేకులుగా ముళ్ళలాగా లేచి ఉంటుంది, నూనె అంతగా పట్టుకోదు. పాంకోలో పాన్ అంటే బ్రెడ్, పోర్చుగీసు వాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన మాట, మన పావ్‌భాజీలో పావ్ కూడా అక్కడిదే. కర్రీలో తాలింపు వాసన ఆశించకండి, మైదా వెన్నతో చిక్కబరుస్తారు, తియ్యగా ఉంటుంది, కారం తక్కువ. నాకైతే ఇంకాస్త కారం ఉండాలి, అరమార్కు అక్కడే తగ్గించా.

కట్సు అని పలకడం మనకి చాలా తేలిక, చుక్క అనేటప్పుడు మొదట పలికే చు ఉంది కదా, దాని ముందు క పెడితే సరిపోతుంది.

పంది తిననివాళ్ళు మెనూలో పేరు చూసి ఆర్డర్ పెట్టండి, టోంకట్సు వేయించిన పంది ముక్క, టోంకొట్సు పంది ఎముకలు మరగబెట్టిన రసం, ఒక్క అక్షరమే తేడా గానీ రెండూ పందే. శాకాహారులకి గుమ్మడికాయ కట్సు ఉంది, అందులో గుడ్డు వేస్తారో లేదో, గ్రేవీలో చికెన్ స్టాక్ ఉందేమో ముందే అడగండి, వాళ్ళు విసుక్కోకుండా చెప్తారు. ప్లేటు 13 పౌండ్లు. ఒంటిగంటకి వెళ్తే చోటు దొరకదు, పన్నెండింటికల్లా వెళ్ళిపోండి, గ్రేవీ వేరే గిన్నెలో కావాలంటే ఇస్తారు, పార్సిల్ అయితే మాత్రం తప్పకుండా వేరుగానే పెట్టించుకోండి.